సొమ్మెవరిదో తేలాక రాజీనామా సంగతి చూద్దాం

మీరు అడిగినవి రెండు. జాతీయ బ్యాంకులో ఎనిమిదేళ్లుగా పనిచేస్తూ, ఇప్పుడు స్కేల్-2లో, అంటే మేనేజరు హోదాలో ఉండి, తెలుగులో బ్లాగు రాస్తున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో 40 వేల మంది చూస్తున్నారు. సొంత పేరుతో ఇలా రాయడం ఉద్యోగానికి ముప్పా అన్నది మొదటిది. కిరాణా కొట్లకు యాప్ ద్వారా అప్పులిప్పించే కంపెనీ పెడుతున్న స్నేహితుడు 8 శాతం వాటా ఇస్తాను రమ్మంటున్నాడు, ఉద్యోగం వదిలేయొచ్చా అన్నది రెండోది. నాన్నగారు మాట్లాడటం మానేశారని కూడా రాశారు. దానికి నా దగ్గర మందు లేదు. మిగతా వాటికి తెలిసింది చెబుతాను. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

నేను 1986లో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరి 2020 జూన్‌లో రిటైరయ్యాను. కరోనా రోజులు కావడంతో శాలువా కూడా కొరియర్‌లో వచ్చింది. సర్వీసులో సగానికి పైగా లోన్ల డెస్కు మీదే గడిచింది. 2008లో, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలిలో కొత్త బ్లాగులు వెతుక్కుని చదివే రోజుల్లో, తెలుగు టైపింగ్ సైటు లేఖినిలో టైపు కొట్టి నేనూ ఒకటి మొదలుపెట్టాను. స్టార్టప్ నేను పెట్టలేదు, పెట్టినవాళ్ల బ్యాలెన్స్ షీట్లు మాత్రం చాలా చదివాను.

నా మొదటి మేనేజరు గారికి ఒక అలవాటుండేది. ఏ లోను ఫైలు ముందు పెట్టినా పేజీ తిప్పకుండా, కళ్లజోడు పైనుంచి చూసి, "సొమ్మెవరిదోయ్?" అనేవారు. బ్యాంకుది సార్ అన్నానొకసారి. ఆయన పెన్షను కోసం బెంచీ మీద కూర్చున్న రిటైర్డు టీచర్ల వైపు చూపించి, "వాళ్లది. ఇప్పుడు చదువు ఫైలు" అన్నారు. మీ బ్లాగుకీ, రీల్సుకీ, మీ స్నేహితుడి కంపెనీకీ నేను పెట్టి చూసే కొలబద్ద ఇదొక్కటే.

రూల్సు ముందు ముగించేద్దాం. చేరిన రోజు సంతకం పెట్టిన కట్టలో 'డిక్లరేషన్ ఆఫ్ ఫిడెలిటీ అండ్ సీక్రసీ' అని ఒక కాగితం ఉంటుంది. ఎవరూ చదవరు, నేనూ చదవలేదు. బ్యాంకుల జాతీయకరణ చట్టంలోని 13వ సెక్షను దానికి మూలం. ఖాతాదారు వ్యవహారం బయటికి పొక్కకూడదన్నది సారం. రెండోది ఆఫీసర్ల కాండక్ట్ రెగ్యులేషన్స్, చాలా బ్యాంకుల్లో 1976 నాటివి. అప్పటికి బ్లాగూ లేదు రీలూ లేదు కనక పత్రికలు, రేడియో అని ఉంటుంది. ముందస్తు అనుమతి లేకుండా వ్యాసాలు రాయకూడదు, ప్రసంగించకూడదు. పూర్తిగా సాహిత్యం, కళలు, శాస్త్రం అయితే మినహాయింపు. కథలు రాసుకుంటే ఎవరూ పట్టించుకోరు. బ్యాంకు పాలసీ మీదో, ప్రభుత్వం మీదో విసుర్లు వేస్తే ఫైలు తెరుస్తారు. మూడోది, అనుమతి లేకుండా ఏ వ్యాపారమూ చేయకూడదు. యూట్యూబ్ నుంచి నెలనెలా పడే డబ్బు వ్యాపారం కిందికి వస్తుందా రాదా అని మనం ఎంతసేపైనా వాదించుకోవచ్చు. కానీ ఆ వాదన మీరు వినిపించాల్సింది డిసిప్లినరీ అథారిటీ ముందు. భార్య పేరు మీద ఛానెల్ పెడదామన్న తెలివి అందరికీ వస్తుంది. కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తే బ్యాంకుకు తెలియజేయాలనీ, వాళ్ల ఏజెన్సీకి మీరు బేరాలు పట్టిపెట్టకూడదనీ ఆ రూల్సులోనే ఉంది.

కాబట్టి చేయాల్సింది సింపులు. మీ బ్యాంకు ఇంట్రానెట్‌లో సోషల్ మీడియా పాలసీ సర్క్యులర్ ఉండే ఉంటుంది, వెతికి చదవండి. తర్వాత, ఫలానా విషయాల మీద ఖాతాదారులకు అవగాహన కోసం తెలుగులో రాస్తున్నాను, ఆదాయం లేదు, అనుమతి ఇవ్వగలరు అని ఒక అర్జీ రాసి, మూడు నమూనా వ్యాసాలు జతచేసి, బ్రాంచి ద్వారా హెచ్‌ఆర్‌కి పంపండి. మీ కాపీ మీద అందినట్టు ఇన్వర్డ్ స్టాంపు వేయించుకోవడం మరిచిపోకండి. జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టు కాదు, రిమైండర్ పంపండి. అడిగి రాసినవాడికీ అడక్కుండా రాసినవాడికీ రేపు ఎంక్వయిరీలో చాలా తేడా ఉంటుంది.

రూల్సు కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే. 2009లో తెనాలి దగ్గర ఒక బ్రాంచిలో ఉండేవాణ్ని. ఒక పెద్దావిడ గోల్డ్ లోనుకి వచ్చింది. కొంగు ముడి విప్పి ఎర్రరాళ్ల కమ్మలు కౌంటరు మీద పెట్టింది. అప్రైజరు గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, తూకం వేసి, రాళ్ల బరువు తీసేసి నికరం రాశాడు. ఆవిడకు కోపం వచ్చింది. "రాళ్లకి డబ్బివ్వరా బాబూ? కొన్నప్పుడు షాపువాడు రాళ్లకే ఎక్కువ తీసుకున్నాడే!" నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ అంటే ఏమిటో వివరిస్తూ ఆ రాత్రి పోస్టు రాశాను. పేరు లేదు, ఊరు లేదు. కమ్మల వర్ణన ఉంది, ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు ఉంది. అప్పటికి నా బ్లాగులో ఎక్కువ కామెంట్లు వచ్చిన పోస్టు అదే.

మూడు వారాల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. టోకెను తీసుకోలేదు, నేరుగా నా టేబుల్ దగ్గరికొచ్చి, "నా కమ్మలు నాకిచ్చెయ్యి" అంది. డాలస్‌లో ఉన్న కూతురు ఆ పోస్టు చదివిందట. ఆ కమ్మలు తనకిస్తానని తల్లి మాటిచ్చినవి. ఆ మాట తీరు చూసి, రాళ్ల రంగు చూసి, అమ్మే అనుకుని ఫోను చేసింది. అప్పు ఎందుకు తెచ్చావని ఏడ్చిందట, కొడుక్కి చెప్పిందట, ఇంట్లో పెద్ద గొడవ. ఆవిడ డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చిందో తెలియదు, వంద నోట్లు, యాభై నోట్లు రబ్బరు బ్యాండు వేసి పెట్టి, లోను మూసేసి కమ్మలు తీసుకుపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పోస్టు ఆ సాయంత్రమే తీసేశాను. అమెరికాలో తెలుగు చదివేవాళ్లు మనకు పాఠకులు, ఆవిడకు కూతుళ్లూ అల్లుళ్లూ అన్న సంగతి నాకు తట్టనే లేదు. సీక్రసీ అంటే పేరు దాచడం ఒక్కటే అనుకునేవాణ్ని. మీ రీల్సు రెండు చూశాను. "నిన్న మా బ్రాంచికి ఒక రైతు వచ్చాడు" అని మొదలుపెట్టే అలవాటు మీకూ ఉంది. మీ బ్రాంచి ఏదో మీ ప్రొఫైల్లోనే ఉంది. మానేయండి.

అలాగని రాయొద్దనడం లేదు. 2017లో వరంగల్లో ఉండగా ఒకావిడ చనిపోయిన భర్త ఖాతా మూయడానికి వచ్చింది. బ్యాలెన్సు 340 రూపాయలు. క్లర్కు క్లెయిమ్ ఫారం ఇచ్చి పంపేస్తున్నాడు. పాస్‌బుక్కు తిరగేస్తే మే నెల చివర్లో 12 రూపాయల డెబిట్ కనిపించింది. ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం అప్పుడు 12 రూపాయలే, 2022 జూన్ నుంచి 20 అయింది. "ఎలా పోయారమ్మా?" అంటే లారీ గుద్దింది అంది. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు తెప్పించి క్లెయిమ్ పంపాం, 2 లక్షలు వచ్చాయి. ఈసారి మనుషుల్ని వదిలేసి ఆ 12 రూపాయల గీత గురించే రాశాను. పోయినవాళ్ల పాస్‌బుక్కులో మే, జూన్ నెలల్లో చిన్న డెబిట్లు ఏమున్నాయో చూడండి, అంతే. ఆ నెలలో ముగ్గురు వేర్వేరు ఊళ్ల నుంచి ఉత్తరం రాశారు, తమకూ గీత దొరికిందని.

బ్యాంకరు రాయాల్సినవి ఇలాంటివి, కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. జాయింటు ఖాతా ఎవరు నడపొచ్చో చెప్పే 'ఐదర్ ఆర్ సర్వైవర్'కీ 'ఫార్మర్ ఆర్ సర్వైవర్'కీ తేడా తెలియక వియ్యంకులు కోర్టుకెక్కిన కేసు నాకు తెలుసు. పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు దగ్గరి నిధికి వెళ్లిపోతాయి. వాటిని 2023లో వచ్చిన ఉద్గమ్ పోర్టల్లో పేరు పెట్టి వెతుక్కోవచ్చని మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? 2025 నవంబర్ నుంచి ఒక ఖాతాకు నలుగురు దాకా నామినీలను పెట్టుకోవచ్చు, దాని మీద తెలుగులో సరైన వివరణ నాకింకా కనపడలేదు. మీరు రాయండి. రీలు చూసినవాడు మర్చిపోతాడు. బ్లాగు పోస్టు మాత్రం, తండ్రి పోయిన రాత్రి ఎవడో గూగుల్లో వెతుక్కున్నప్పుడు దొరుకుతుంది.

ఇక రీల్సు. ఒక లోను యాప్ వాళ్లు రీలుకి 35 వేలు ఇస్తామన్నారని రాశారు. సొమ్మెవరిది? యాప్ వాళ్లది. వాళ్లకెక్కడిది? మీ మాట నమ్మి అప్పు తీసుకున్నవాడు కట్టే వడ్డీలోంచి, ప్రాసెసింగ్ ఫీజులోంచి. అంటే మీ 40 వేల మందిలోంచే. 2020 డిసెంబరులో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. ఫోన్‌లో కాంటాక్టులన్నిటికీ ఫోటోలు పంపి పరువు తీసేవాళ్లు. ఆ తర్వాతే రిజర్వ్ బ్యాంకు కమిటీ వేసి, 2022 సెప్టెంబర్ 2న డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాలు తెచ్చింది. అప్పు నేరుగా తీసుకున్నవాడి ఖాతాలోనే పడాలి, మొత్తం ఖర్చు ఒక పేజీలో ముందే చెప్పాలి, మనసు మార్చుకుంటే వెనక్కిచ్చే గడువుండాలి. మీకు డబ్బిస్తామన్న యాప్ ఇవన్నీ పాటిస్తోందనే అనుకుందాం. అయినా బ్యాంకు ఉద్యోగి ముఖం పెట్టి ఇంకొకరి అప్పు అమ్మడం ఏ రూలు ప్రకారం చూసినా నిలవదు.

షేర్ల జోలికి అసలు వెళ్లొద్దు. ఫలానా షేరు కొనండి అని చెప్పాలంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. చదువు చెబుతున్నానంటూ తప్పించుకునే దారి కూడా 2025 జనవరిలో ఇరుకైంది. పాఠం పేరుతో గత మూడు నెలల ధరలు వాడి ఫలానా షేరును సూచించకూడదన్నారు. పైగా మీరు లోను ఫైళ్లు చూసే మనిషి. లిస్టెడ్ కంపెనీ ఫైలొకటి మీ టేబుల్ మీదికొచ్చిన వారమే ఆ షేరు గురించి నోరు జారితే ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారం వాడుకున్న నేరం) దాకా పోతుంది.

సోషల్ మీడియా అంటే బ్యాంకరు ఎందుకు భయపడాలో చెప్పడానికి నేనెప్పుడూ రెండు తేదీలు పక్కపక్కన పెడతాను. 2004 జులై 24, శనివారం. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం విధించారు. మనిషికి 10 వేలకు మించి తీసుకోవడానికి లేదు. నేనప్పుడు నగరంలోనే వేరే బ్యాంకులో ఉన్నాను. వాళ్ల ఏటీఎం మా వీధి చివర ఉండేది. ఆదివారం పొద్దున వెళ్లి చూస్తే క్యూ మలుపు తిరిగి పాన్‌షాపు దాకా ఉంది. సోమవారం మా బ్రాంచికి కూడా జనం వచ్చారు, మా బ్యాంకుకేం కాకపోయినా. మా మేనేజరు హడావుడి పడలేదు. కరెన్సీ చెస్టు నుంచి క్యాషు తెప్పించి, క్యాషియర్ వెనక అద్దంలోంచి కనపడేలా కట్టలు పేర్పించారు. కట్టలు చూసి సగం మంది వెనక్కిపోయారు. ఆ సోమవారమే ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనం ప్రకటించారు, గండం గడిచింది.

రెండో తేదీ 2023 మార్చి 9, గురువారం. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు. డిపాజిట్లు ఎక్కువగా స్టార్టప్‌లవి, వాటిలో పెట్టుబడి పెట్టేవాళ్లవి. నూటికి తొంభై వంతుల పైగా ఇన్సూరెన్స్ పరిమితి అయిన రెండున్నర లక్షల డాలర్లకు మించినవి. వచ్చిన సొమ్మును దీర్ఘకాలిక బాండ్లలో పెట్టారు. వడ్డీ రేట్లు పెరగగానే బాండ్ల విలువ పడింది. 8వ తేదీన 180 కోట్ల డాలర్ల నష్టానికి బాండ్లు అమ్మామని ప్రకటించారు. ఆ రాత్రి నుంచి ఇన్వెస్టర్లు తమ కంపెనీల ఫౌండర్లకు వాట్సాప్‌లో, ఫోన్లలో "తీసేయండి" అని చెప్పడం, అది ట్విట్టర్‌కెక్కడం. ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు అడిగారు, మొత్తం డిపాజిట్లలో దాదాపు నాలుగో వంతు. శుక్రవారం బ్యాంకు మూత. డిపాజిటర్లందరికీ సొమ్ము దక్కుతుందని ఆదివారం అమెరికా ప్రభుత్వం చెప్పేదాకా అక్కడ డబ్బు పెట్టిన మనవాళ్ల కంపెనీలకూ జీతాల దిగులే. ఇక్కడ ఎవరికీ క్యూ కనపడలేదు. కట్టలు పేర్చి చూపించడానికి అద్దమూ లేదు.

మీ 40 వేల మందిని ఆ లెక్కలో చూసుకోండి. మీ పేరు కింద బ్యాంకు ఆఫీసరు అని ఉంది. ఏదో కో-ఆపరేటివ్ బ్యాంకు గురించి విన్న మాట "జాగ్రత్త మిత్రులారా" అని స్టోరీలో పెట్టారనుకోండి, సోమవారం ఆ బ్యాంకు ముందు చేరే జనానికి మీరే పూచీ. మనకు డిపాజిట్ ఇన్సూరెన్స్ 5 లక్షలు, 2020 ఫిబ్రవరి నుంచి. అంతకుముందు లక్షే. అది చెప్పండి, అందరికీ పనికొస్తుంది. ఏ బ్యాంకు మునుగుతుందో చెప్పకండి.

ఇప్పుడు అసలు విషయం, స్టార్టప్. మా బ్యాంకింగ్ వాళ్లంటే స్టార్టప్ వాళ్లకు చులకన, వాళ్లంటే మావాళ్లకు అనుమానం. రెండూ లెక్క తెలియకే. హైదరాబాద్ రాయదుర్గంలో, స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్ కొత్త భవనం 2022 జూన్‌లో తెరిచాక ఒక మిత్రుడు చూపించడానికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక కుర్రాడు, "బ్యాంకులు మాకెందుకు అప్పివ్వవు సార్?" అని నిలదీశాడు. కాగితం మీద వేసి చూపించాను. వంద రూపాయలు అప్పిస్తే బ్యాంకుకు మార్జిన్‌గా మిగిలేది మూడు రూపాయలు అనుకో. ఒక్క వంద మునిగితే ముప్పై మూడు మంచి లోన్ల మిగులు దానికి పోతుంది. ఇన్వెస్టరు అలా కాదు. పది కంపెనీల్లో పెట్టి తొమ్మిది పోయినా, పదోది యాభై రెట్లయితే పండగే. నువ్వు యాభై రెట్లయినా బ్యాంకు వాటా అదే మూడు రూపాయలు. సొమ్ము ఎలాంటిదో అలాంటి పనికే వాడాలి. పంట పండుతుందో లేదో తెలియని చోటికి పెన్షనర్ల సొమ్ము వెళ్లకూడదు. అప్పు మునిగితే కొంత భరించే గ్యారంటీ పథకాలు ఉన్నాయి నిజమే, చిన్న పరిశ్రమలకు 2000 నుంచి సీజీటీఎంఎస్ఈ, స్టార్టప్‌లకు ప్రత్యేకంగా 2022 నుంచి ఇంకొకటి. గ్యారంటీ ఉన్నా బ్యాంకు చూసేది రొక్కం ఎప్పుడొస్తుందన్నదే.

2019లో గుంటూరులో ఒకే వారంలో రెండు రకాల వాళ్లు వచ్చారు. ఒక జట్టు ల్యాప్‌టాప్‌తో, ఇరవై నాలుగు స్లైడ్లతో. దేశంలో ఇన్ని కోట్ల మంది టిఫిన్ తింటారు, అందులో ఒక్క శాతం మా యాప్‌కొస్తే అని లెక్క. "నిన్న ఎన్ని ఆర్డర్లు?" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో మనిషి పచ్చళ్లు పెట్టే ఒకావిడ. ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెట్టి అమెరికాకు పార్శిళ్లు పంపేది. చేతిలో పాలపుస్తకం లాంటి నోటుబుక్కు. తేదీ, ఊరు, కిలోలు, కొరియర్ ఖర్చు. ఏడాదికి 24 లక్షల అమ్మకం, ఖాతాలో జమలతో సరిపోయింది. ఆవిడ ఇబ్బంది ఏమిటంటే ఆవకాయకు కాయ, కారం, నూనె అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే కొనాలి, రాబడి ఏడాది పొడుగునా వస్తుంది. ఇంతకంటే శుభ్రంగా వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం నడవడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు) అంటే ఏమిటో నాకు ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ చెప్పలేదు. చిన్న పరిశ్రమల అప్పులకు నాయక్ కమిటీ చెప్పిన లెక్క ప్రకారం అమ్మకంలో 20 శాతం, 4 లక్షల 80 వేలు, ముద్రా పథకంలోని కిశోర్ విభాగం కింద ఇచ్చాం. మరుసటి ఏడు ఆవిడే కొంచెం దెబ్బ తింది. ఒక సూపర్ మార్కెట్ గొలుసుకు సరుకు వేస్తే తొంభై రోజులకు గానీ డబ్బు రాలేదు. పెద్ద బేరం దొరికిందని సంబరపడి ఊపిరాడక పోయినవాళ్లలో ఆవిడ మొదటిదేం కాదు. తట్టుకుంది, ఆ బేరం వదిలేసి.

మీ స్నేహితుడి కంపెనీ ఈ రెండింటిలో ఏ రకం? అప్పులిప్పించే యాప్ అంటున్నారు. ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాకుండా అప్పులిచ్చే కంపెనీ) లైసెన్సు కావాలంటే ఇప్పుడు 10 కోట్ల సొంత నిధులు చూపించాలి, అది వాళ్ల దగ్గర లేదు కాబట్టి వేరే ఎన్‌బీఎఫ్‌సీ సొమ్ముతో, వీళ్లు మధ్యవర్తిగా చేస్తారు. ఎదుటివాడు ఊరికే ఇవ్వడు, మొదటి నష్టం మీరు భరించండి అంటాడు. దీన్ని రిజర్వ్ బ్యాంకు 2023 జూన్‌లో అనుమతించింది, మొత్తం లోన్లలో 5 శాతానికి మించకుండా. అదీ నోటిమాట గ్యారంటీ కుదరదు, నగదో, లీను వేసిన (అప్పిచ్చినవాడి హక్కు నమోదు చేసిన) ఫిక్స్‌డ్ డిపాజిట్టో, బ్యాంకు గ్యారంటీయో ఇవ్వాలి.

లెక్క వేద్దాం. 10 కోట్ల లోన్లు ఇప్పించారనుకోండి. 5 శాతం, అంటే 50 లక్షల ఎఫ్‌డీ ముందే పెట్టాలి. మీకు కమిషను రెండున్నర శాతం వచ్చిందనుకుందాం, 25 లక్షలు. కిరాణా కొట్లలో 4 శాతం మునిగితే 40 లక్షలు ఆ ఎఫ్‌డీలోంచి పోతాయి. జీతాలూ, సర్వర్లూ, ఆఫీసు అద్దే లెక్కేయకముందే 15 లక్షలు లోటు. దీన్ని స్నేహితుడు గ్రోత్ అంటాడు. లోన్లు 20 కోట్లయితే లోటు 30 లక్షలు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఇక్కడ సోకు కూడా మీది కాదు. 4 శాతం అన్నది నా ఊహ. అసలు అంకె మీ స్నేహితుడి దగ్గర ఉండాలి. లేదంటే కంపెనీ ఇంకా మొదలుకానట్టే.

అప్పులిచ్చే వ్యాపారంలో పెరగడమంత తేలికైన పని లేదు, వసూలు దగ్గరే మనిషి తేలిపోతాడు. 2010లో మన రాష్ట్రంలోనే చూశాం. ఆగస్టులో పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ఐపీఓకి (షేర్ల తొలి అమ్మకానికి) జనం ఎగబడ్డారు. అక్టోబర్‌లో ఇలాంటి కంపెనీల వసూళ్లను కట్టడి చేస్తూ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, ఊళ్లలో వసూళ్లు ఆగిపోయాయి, ఆ కంపెనీలకు అప్పులిచ్చిన బ్యాంకుల పుస్తకాలు కూడా అల్లకల్లోలం అయ్యాయి. అప్పట్లో ఒక పొదుపు సంఘం మీటింగులో ఒక సభ్యురాలి దగ్గర నాలుగు కంపెనీల పాస్‌బుక్కులు చూశాను. మూడోది రెండోదాని వాయిదా కట్టడానికి, నాలుగోది మూడోదానికి. ఏ కంపెనీ లెక్కలో చూసినా ఆవిడ నూటికి నూరు శాతం సక్రమంగా కడుతున్న ఖాతాదారే.

ఆ 8 శాతం సంగతి. నాలుగేళ్ల వెస్టింగ్ (వాటా విడతలుగా మీ సొంతం కావడం), మొదటి ఏడాది లోపు బయటికొస్తే సున్నా అని ఉంటుంది, చూసుకోండి. ఇన్వెస్టర్లు ప్రిఫరెన్స్ షేర్లతో వస్తారు, కంపెనీ అమ్ముడైతే ముందు వాళ్ల సొమ్ము వాళ్లు తీసుకుంటారు. 6 కోట్లు పెట్టుబడి తెచ్చి కంపెనీని 5 కోట్లకు అమ్మితే మీ 8 శాతానికి వచ్చేది పేపర్ వెయిటూ, వాట్సాప్ గ్రూపులో చప్పట్లూ.

రాజీనామా లెక్కలు మీకు తెలిసే ఉంటాయి, గబగబా చెప్పేస్తాను. 2010 ఏప్రిల్ తర్వాత చేరారు కనక మీది ఎన్‌పీఎస్ పెన్షను, ఆ ఖాతా నంబరు (ప్రాన్) మీతో వస్తుంది, పాత పెన్షను పోతుందన్న బెంగ లేదు. అయిదేళ్లు దాటాయి, గ్రాట్యుటీ వస్తుంది. మూడు నెలల నోటీసు. స్టాఫ్ హౌసింగ్ లోను ఉంటే రాయితీ వడ్డీ పోతుంది, కొత్త ఈఎంఐ ఎంతో ముందు లెక్కేయించండి, చాలామంది అక్కడే తూలిపడతారు. అన్నిటికంటే ముఖ్యం, మీరు శాంక్షన్ చేసిన లోన్లలో ఏవైనా మొండిబాకీల దారిలో ఉంటే స్టాఫ్ అకౌంటబిలిటీ (అందులో మీ తప్పుందా అన్న విచారణ) తేలేదాకా రాజీనామా ఆమోదం నలుగుతుంది. ఫైళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఉద్యోగంలో ఉంటూ వాళ్ల కంపెనీలో డైరెక్టరుగా సంతకం మాత్రం పెట్టకండి, శని ఆదివారాలే కదా అనుకోవద్దు.

నన్నడిగితే ఇప్పుడే మానొద్దు. వద్దే వద్దనీ అనను. అప్పు ఎవడు కడతాడో, ఎవడు ఎగ్గొడతాడో ఎనిమిదేళ్లు కౌంటరు దగ్గర చూసిన మనిషి అలాంటి కంపెనీలో ఒక్కడైనా ఉండాలి. మీ స్నేహితుడికి కావాల్సింది మీ ఫాలోవర్లో, మీ లోను బుర్రో ముందు తేల్చుకోండి. ఒక పరీక్ష ఉంది. మొదటి వంద కొట్ల వసూలు లెక్క, రోజువారీగా, ఎక్సెల్లో పంపమనండి. శాతాలొద్దు, తేదీలు కావాలి. పంపితే కూర్చుని చదవండి, ఏ కొట్టు ఏ వారంలో ఆగిందో మీకే తెలుస్తుంది. పంపకుండా స్లైడ్లు పంపితే మీ జవాబు మీకు దొరికినట్టే.

ఇంకొకటి, ఎన్‌బీఎఫ్‌సీతో వాళ్లు చేసుకున్న ఒప్పందం డ్రాఫ్టు కూడా అడగండి. ఫౌండర్లు సొంత ఆస్తితో పూచీ పడే పర్సనల్ గ్యారంటీ క్లాజు అందులో ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి. ముందు పేజీల్లో కనపడకపోతే లేదనుకోకండి, సాధారణంగా చివరి అనెక్చర్లో (అనుబంధంలో), చిన్న అక్షరాల్లో పెడతారు.